కొత్త డిస్కులో పాత ఫొటోలు ఎలా వచ్చాయి?

ఈ వారం ఉత్తరం తిరుపతి నుంచి. రాసినావిడకు నలభై దాటాయి. పేరూ, వీధీ బయటపెట్టొద్దన్నారు. ఆరు పేజీల ఉత్తరంలో సగం కంప్యూటర్ గురించి, సగం ఇంట్లోవాళ్ల గురించి. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని విడదీయలేను కాబట్టి రెండూ కలిపే క్లుప్తంగా చెబుతాను.

ఆవిడ మామగారు 1979లో ఒక చిన్న ఫొటో స్టూడియో పెట్టారు. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు, కొండ మీద గుండు చేయించుకుని దిగొచ్చిన కుటుంబాల గ్రూప్ ఫొటోలు, ఇవీ బతుకుతెరువు. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర మొదలైతే మాత్రం దుకాణానికి తాళం వేసి, కెమెరా మెడలో తగిలించుకుని వీధిలో పడేవారట. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, ఏదీ వదిలేవారు కాదు. ఎవరూ డబ్బివ్వని ఫొటోలు. 1984 నుంచి 1996 దాకా తీసిన ఆ నెగెటివ్‌లన్నీ బిస్కెట్ డబ్బాల్లో దాచారు. ఇప్పుడాయనకు డెబ్బై ఎనిమిదేళ్లు, చూపు మందగించింది. స్టూడియోను కోడలే నడుపుతున్నారు. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ ఆ నెగెటివ్‌లను ఒక్కొక్కటిగా స్కాన్ చేస్తారు. సాయంత్రం మామగారు పక్కన కుర్చీ వేసుకుని, తెరకు మొహం ఆనించినంత దగ్గరగా పెట్టి, "వీడు మన పాలాయన కొడుకు గదా, ఆ ఏడు తోటి వేషం కట్టినాడు" అంటుంటే ఆ మాట ఫైలు పేరులో రాసుకుంటారు.

స్టూడియోలో రెండు కంప్యూటర్లున్నాయి. ఆల్బమ్ డిజైన్ చేసేదాంట్లో విండోస్. ఫొటోలు దాచేదాంట్లో ఉబుంటు, అంటే విండోస్‌కు బదులు వాడే లినక్స్‌లో ఒక రకం. కస్టమర్లు తెచ్చే పెన్ డ్రైవుల వైరస్‌తో విసిగిపోయి ఉంటే నాలుగేళ్ల కిందట మరిది అది వేసిచ్చాడు. ఆయన బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆ కంప్యూటర్లో ఉబుంటు ఉండే 256 జీబీ ఎస్ఎస్‌డీ (చిన్న, వేగమైన డిస్కు) ఒకటి, ఫొటోల కోసం 1 టీబీ హార్డ్ డిస్కు ఒకటి. హార్డ్ డిస్కు నిండిపోయి 11 జీబీ మిగిలింది. దాంతో 4 టీబీ డిస్కు కొన్నారు. దాన్ని యూఎస్‌బీ డాకులో, అంటే డిస్కును బయటి నుంచి కంప్యూటర్‌కు తగిలించే స్టాండులో, పెడితే మరిది ఒక రాత్రి బెంగళూరు నుంచే ఈవిడ తెర చూస్తూ ఫార్మాట్ చేశాడు, ఏదో ఒక వరుస రాశాడు. "ఇంక దానంతట అదే వస్తుంది వదినా, నువ్వేం ముట్టుకోబాకు" అని ఫోన్ పెట్టేశాడు. మర్నాడు వీధిలోని రిపేరు షాపు అబ్బాయి వచ్చి డిస్కును డాకులోంచి తీసి క్యాబినెట్ లోపల బిగించి వెళ్లాడు.

కంప్యూటర్ ఆన్ చేసి "కొత్త" అనే ఫోల్డర్ తెరిస్తే అందులో ఫొటోలన్నీ ఉన్నాయి! ఆవిడ భర్త చూసి, "రాత్రికి రాత్రే వాడు కాపీ కూడా చేసేసినాడే! పాతదాంట్లో పెద్ద ఫోల్డర్లు తీసేయ్, ఖాళీ అవుతుంది" అన్నారు. ఆవిడ "పాత" ఫోల్డర్లోంచి రెండు తీసేశారు. ఒకటి రెండేళ్ల కిందటి తిరుచానూరు పెళ్లి, రెండోది జాతర 1987. కంప్యూటర్ ఏమీ అడగలేదు. ఎందుకైనా మంచిదని "కొత్త"లో చూస్తే అక్కడా ఆ రెండూ లేవు. ఖాళీ జాగా కూడా రవ్వంతైనా పెరగలేదు. "రెండిట్లోనూ అదే 11 జీబీ చూపిస్తాంది" అని రాశారు. చేతులు వణుకుతుండగా కంప్యూటర్ ఆపేశారు. అది జరిగి నాలుగు రోజులు.

షాపు అబ్బాయికి ఇచ్చేస్తే మొత్తం ఫార్మాట్ కొట్టి సరిచేస్తాడని భర్త అంటున్నారు. మరిది ఆదివారం చూస్తానన్నాడు గానీ, "నేను అంత చెప్పినా ఎందుకు కదిలించినారు" అన్న మాట ఆవిడకు గుచ్చుకుంది. మామగారు రోజూ సాయంత్రం కుర్చీ వేసుకుంటున్నారు. కరెంటు ప్రాబ్లం మామయ్యా అని నాలుగు రోజులుగా నెట్టుకొస్తున్నారు. ఆవిడ ప్రశ్నలు ఇవీ: ఫొటోలు తిరిగొస్తాయా? తప్పు నాదేనా? ఈ పని నేను నేర్చుకోవాలా, ఎవరికైనా అప్పగించాలా? మామగారికి చెప్పాలా? చివర్లో, చోటు చాలక మార్జిన్‌లో ఇంకొకటి: డిస్కును పడుకోబెట్టాలా, నిలబెట్టాలా?

*

అమ్మా, కంప్యూటర్ ఆపేసి పెట్టారు, అంతకంటే మంచి పని లేదు. చాలామంది ఆ కంగారులో పది రకాలుగా నొక్కి ఉన్నదీ పోగొట్టుకుంటారు.

మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన రెండు వాక్యాలు నాకు చాలా చెప్పాయి. డిలీట్ చేసినా ఖాళీ పెరగలేదన్నారు. రెండు ఫోల్డర్లలోనూ 11 జీబీయే చూపించిందన్నారు. మొదటిది మంచి కబురు. రెండోది జరిగిందంతా విప్పి చెబుతుంది.

ముందు మంచి కబురు. ఫైళ్లు చూసే కిటికీలో మామూలు డిలీట్ మీట నొక్కితే ఫోల్డర్ అప్పటికప్పుడు నాశనమైపోదు. ట్రాష్‌లోకి, అంటే చెత్తబుట్టలోకి పోతుంది. ఆ చెత్తబుట్ట అదే డిస్కు మీద, పేరుకు ముందు చుక్క ఉన్న ఒక దాగి ఉండే ఫోల్డర్. అటకెక్కించిన సామాను ఇల్లు దాటిపోనట్టే, ఫొటోలు డిస్కు దాటిపోలేదు, అందుకే జాగా పెరగలేదు. షిఫ్ట్ కూడా కలిపి నొక్కి ఉంటే శాశ్వతంగా తీసేయమంటారా అని అడిగేది. మీ విషయంలో ఏమీ అడగలేదు. కాబట్టి కంప్యూటర్ ఆన్ చేసి, ఇంకేదీ తెరవకుండా, నేరుగా ట్రాష్‌లోకి వెళ్లండి. ఆ రెండు ఫోల్డర్లూ అక్కడ ఉండాలి. ఒక్కోదాని మీద కుడి క్లిక్ చేసి రీస్టోర్ అనండి. పైన ఎంప్టీ అనే బటన్ ఉంటుంది, దాని జోలికి పోవద్దు.

ఒకవేళ అక్కడ లేకపోతే దారి కాస్త కష్టం, అయినా మూసుకుపోలేదు. తీసేసిన ఫొటో తాలూకు జాగాలో ఇంకోటి రాసేదాకా అది డిస్కు మీదే ఉంటుంది. అందుకని ఆ 1 టీబీ డిస్కు మీద ఇక ఏదీ రాయకూడదు. ఫొటోరెక్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఒకటుంది. అది డిస్కంతా వెతికి ఫొటోలను ఏరుతుంది. ఏరినవాటిని మాత్రం వేరే డిస్కులోకి పోయాలి, అదే డిస్కులోకి కాదు. అది బొమ్మను తెస్తుంది గానీ ఫైలు పేరును తేలేదు. పెళ్లి ఫొటోలకు అది పెద్ద నష్టం కాదు, పైగా పెళ్లివారి దగ్గర ఒక కాపీ ఉండే ఉంటుంది. జాతర 1987కు నెగెటివ్‌లు డబ్బాలో ఉన్నాయి, మళ్లీ స్కాన్ చేసుకోవచ్చు. పోతే పోయేది పేర్లే. పాలాయన కొడుకు అన్న మాట నెగెటివ్ మీద ఎక్కడా లేదు, మీ మామగారి నోట్లోంచి మీరు రాసుకున్న ఫైలు పేరులోనే ఉంది. ట్రాష్‌లో దొరికినా సరే, ఆ పేర్లన్నీ ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించండి. మీరు ఉత్తరంలో డిస్కు గురించి అంత రాశారు, నాకు మాత్రం అన్నిటికంటే పలచగా వేలాడుతున్నది ఈ పేర్ల సంగతే అనిపించింది.

ఇక అసలు కొత్త డిస్కులోకి పాత ఫొటోలు ఎలా వచ్చాయి? రాలేదు. మీరు చూసింది కొత్త డిస్కును కాదు.

విండోస్‌లో ఇంకో డిస్కు పెడితే ఇంకో అక్షరంతో ఇంకో డ్రైవు కనబడుతుంది. ఉబుంటులో పద్ధతి వేరు. ఉన్న ఇంట్లోనే ఒక ఖాళీ ఫోల్డర్‌ను గుమ్మంగా పెట్టి, దానికి అవతల డిస్కును తగిలిస్తారు. మౌంట్ చేయడమంటే అదే. గుమ్మం మీద "కొత్త" అని బోర్డు ఉన్నంత మాత్రాన అవతల కొత్త గది ఉందని అర్థం కాదు. ఏ డిస్కు తగిలిస్తే ఆ డిస్కే కనబడుతుంది. మీ కంప్యూటర్లో జరిగింది, పాత గదికే రెండో గుమ్మం పడింది. ఒక గుమ్మంలోంచి వెళ్లి బీరువా తీసేస్తే రెండో గుమ్మంలోంచి చూసినా బీరువా ఉండదు. 4 టీబీ డిస్కులో 11 జీబీ మాత్రమే ఖాళీ అని చూపించడం అందుకే.

అలా ఎందుకు పడిందంటే, లినక్స్ డిస్కులను ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని పిలుస్తుంది. చూడ్డానికి పేర్లలా ఉంటాయి గానీ అవి వరసలో నిలబడ్డ చోట్లు. ఏ డిస్కు ముందు కంటబడితే దానికి ముందు అక్షరం. మన ఊరివాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో "ఆ నీలం చొక్కా ఆయన వెనక మేమున్నాం" అని గుర్తుపెట్టుకుంటే అది ఎంతసేపు నిలుస్తుంది? కంపార్ట్‌మెంటు గేటు తీయగానే వరస తారుమారు. ఆధార్ నంబరు మాత్రం ఏ కంపార్ట్‌మెంటులో కూర్చున్నా అదే. డిస్కులో ఫార్మాట్ చేసిన ప్రతి భాగానికీ అలాంటి నంబరు ఒకటుంటుంది, దాన్ని యూయూఐడీ అంటారు.

డాకులో ఉన్న రాత్రి మీ కొత్త డిస్కు మూడోది, అంటే ఎస్‌డీసీ. మీ మరిది ఎఫ్ఎస్‌ట్యాబ్ అనే ఫైలులో, "ఎస్‌డీసీలోని మొదటి భాగాన్ని కొత్త అనే ఫోల్డర్‌కు తగిలించు" అని వరుస రాసి ఉంటాడు. పొద్దున దుకాణం తెరిచే కుర్రాడికి ఏ సామాను ఏ అరలో సర్దాలో రాసిచ్చే చీటీ లాంటిది ఆ ఫైలు. మర్నాడు షాపు అబ్బాయి కేబుల్‌ను మధ్య పోర్టులో గుచ్చాడు. కొత్తది రెండోదైంది, పాతది మూడోదైంది. చీటీలో ఉన్నట్టే కంప్యూటర్ మూడోదాన్ని తెచ్చి "కొత్త"కు తగిలించింది. పాత డిస్కును "పాత"కు తగిలించే వరుస మాత్రం దెబ్బతినలేదు. ఉబుంటు వేసినప్పుడు ఇన్‌స్టాల్ ప్రోగ్రామే ఆ వరుస రాస్తుంది, అది యూయూఐడీతోనే రాస్తుంది.

తప్పు నాదేనా అని అడిగారు. మీది కాదు. షాపు అబ్బాయిదీ కాదు, కేబుల్ ఏ పోర్టులో పెట్టినా పనిచేయాలి. మీ మరిది హడావిడి అది. అయితే ఆయన మీద కోపం పెట్టుకోకండి, ఈ పనిలో ఉన్నవాళ్లు జీవితంలో ఒక్కసారైనా చేసే పొరపాటే. నేను ఇంతకంటే ఘోరం చేశాను. ఒకే కంపెనీ, ఒకే సైజు డిస్కులు రెండు పక్కపక్కన పెట్టుకుని, ఎస్‌డీబీయే ఖాళీది అనుకుని ఫార్మాట్ కొట్టాను. ఖాళీది ఎస్‌డీసీ. మా అమ్మాయి అన్నప్రాసన వీడియో అందులో ఉండేది. ఇంట్లో ఆ సంగతి ఇప్పటికీ పండగ పూట గుర్తుచేస్తారు.

నా ఊహ సరైనదో కాదో అయిదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. ఉబుంటులో డిస్క్స్ అనే అప్లికేషన్ ఉంటుంది. తెరిస్తే ఎడమ పక్క డిస్కులన్నీ వరసగా కనబడతాయి. పేర్లు చూడకండి, సైజులు చూడండి. 4 టీబీ దాని మీద నొక్కితే అది ఎక్కడ మౌంట్ అయిందో కింద ఉంటుంది. ఎక్కడా కాలేదని ఉంటే నేను చెప్పింది నిజం. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీలో, ఎల్ఎస్‌బీఎల్‌కే అని కొట్టినా తెలుస్తుంది, కాకపోతే అక్కడ లెక్క వేరు. 4 టీబీని 3.6 అనీ, 1 టీబీని 931.5 అనీ, 256ను 238.5 అనీ చూపిస్తుంది. డిస్కు కంపెనీ వెయ్యితో గుణిస్తే కంప్యూటర్ 1024తో లెక్కేస్తుంది, ఆ తేడా. మీకేం తక్కువ అమ్మలేదు. 4 టీబీ అసలు కనబడకపోతే అది కేబుల్ వదులైన సంగతి.

ఇప్పుడు ఎవరితో చేయించాలన్నది చూద్దాం.

షాపుకు ఇవ్వడం తేలికే, సాయంత్రానికి పని అయిపోతుంది. కానీ మీ డిస్కులు ఎక్స్‌టీ4 అనే లినక్స్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటాయి. ఆ అబ్బాయి వాటిని తన విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే "ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని ఒక పెట్టె తెర మీదకు వస్తుంది. డిస్కు పాడైందని కాదు, విండోస్‌కు ఆ భాష రాదు, అంతే. రోజుకు పాతిక కంప్యూటర్లు చూసేవాడు ఆ పెట్టెకు సరేనంటే జాతర మొత్తం పోతుంది. స్క్రూలు బిగించడానికి, కేబుల్ చూడ్డానికి ఆ అబ్బాయిని మీ స్టూడియోకే పిలవండి. పాత డిస్కు మాత్రం గడప దాటకూడదు.

ఆదివారం మరిదితో చేయించుకోవచ్చు. నిజానికి ఆయనకు రెండు నిమిషాల పని. "నువ్వు రాసింది ఎస్‌డీసీ, క్యాబినెట్‌లో పెట్టినాక ఎస్‌డీసీ పాత డిస్కయింది" అని మీరే చెప్పండి. అటువైపు కాసేపు చప్పుడుండదు. ఎందుకు కదిలించినారు అన్న మాట మళ్లీ వినబడదు. చేసేటప్పుడు మాత్రం మీరు పక్కన పుస్తకం పెట్టుకుని కూర్చోండి. ఆయన కొట్టే ప్రతి వరుసా ఏమిటో చెప్పించుకుని రాసుకోండి. లేకపోతే ఇంకో మూడేళ్లకు ఇంకో డిస్కు కొన్నప్పుడు మళ్లీ ఇదే గుబులు, అప్పటికి ఆయన ఏ దేశంలో ఉంటాడో.

మీరే చేసుకోవచ్చు కూడా. నెగెటివ్ స్కాన్ చేసి, దుమ్ము తీసి, ఫైలు పేరు పెట్టి దాచే మనిషికి ఇది కష్టమేం కాదు. ఈ పనిలో నిజంగా ప్రమాదకరమైన మెట్టు ఫార్మాట్ ఒక్కటే, అది మీ మరిది చేసేశాడు. మీకు మిగిలింది ఒక వరుస దిద్దడం. ఒక అరుదైన చిక్కు మాత్రం చెబుతాను. కొన్ని యూఎస్‌బీ డాకుల్లో ఫార్మాట్ చేసిన డిస్కును తీసి నేరుగా కేబుల్‌కు తగిలిస్తే కంప్యూటర్ అందులోని భాగాలను గుర్తుపట్టదు. డాకు లెక్కపెట్టే తీరు వేరుగా ఉండటం వల్ల అలా అవుతుంది. మీకు అలా కనబడితే మళ్లీ ఫార్మాట్ చేయాల్సిందే, ఆ ఒక్క పనీ మరిది ఉన్నప్పుడే చేయండి. చేసేటప్పుడు, డిస్కును భాగాలు చేసే పద్ధతుల్లో జీపీటీ అనే కొత్తదాన్నే ఎంచుకోమనండి. పాత పద్ధతిలో చేస్తే సాధారణంగా 2 టీబీ దాటి వాడుకోలేరు.

వరుస దిద్దేది ఇలా. ముందు ట్రాష్‌లోవి రీస్టోర్ అయిపోయి ఉండాలి. ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టుకోండి. డిస్క్స్‌లో 4 టీబీ భాగం మీద నొక్కితే దాని యూయూఐడీ కనబడుతుంది, ముప్పై ఆరు అక్షరాల పొడుగుంటుంది. దాన్ని చూసి టైప్ చేయకండి, కాపీ చేసి పేస్ట్ చేయండి. వరుస మొదట్లో ఎస్‌డీసీ1తో ముగిసే మాట మొత్తం తీసేసి, ఆ చోట ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో యూయూఐడీ అని, సమానం గుర్తు పెట్టి, జాగా వదలకుండా దాన్ని పేస్ట్ చేయాలి. అదే వరుసలో డిఫాల్ట్స్ అన్న మాట పక్కన, మధ్యలో జాగా లేకుండా కామా పెట్టి, నోఫెయిల్ అని చేర్చండి. తర్వాత "కొత్త"ను ఒకసారి అన్‌మౌంట్ చేసి, టెర్మినల్‌లో మౌంట్ అని కొట్టి, జాగా వదిలి, అడ్డగీత, చిన్న ఏ కొట్టండి. ఫైలులో తప్పుంటే అక్కడికక్కడే చెబుతుంది, రీస్టార్ట్ చేసి నల్ల తెర చూడాల్సిన పని లేదు. అంతా సరిగ్గా ఉంటే "కొత్త" ఇప్పుడు నిజంగా ఖాళీగా కనబడుతుంది, టెర్మినల్ లెక్కలో 3.6కు దాదాపు 3.4 టీబీ ఖాళీ చూపిస్తుంది. తక్కిన రెండు వందల జీబీ ఏమైందని కంగారు పడకండి, ఎక్స్‌టీ4 అయిదు శాతం సిస్టమ్ అవసరాలకని పక్కన పెడుతుంది. అందులో రాయడానికి అనుమతి లేదంటే డిస్కు ఇంకా అడ్మిన్ పేరు మీద ఉందని, దాన్ని మీ పేరుకు మార్చే వరుస మరిదినడగండి.

నోఫెయిల్ ఎందుకన్నానంటే, అది లేకపోతే ఏ రోజైనా ఆ డిస్కు కేబుల్ ఊడినా, డిస్కు చెడినా, కంప్యూటర్ దానికోసం ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్ అని నల్ల తెర వేసి కూర్చుంటుంది. నోఫెయిల్ ఉంటే డిస్కు లేకపోయినా మామూలుగా తెరుచుకుంటుంది. కానీ దీంట్లో ఒక మెలిక ఉంది. డిస్కు తగలని రోజున "కొత్త" అన్నది వట్టి గుమ్మం. మీరు చూసుకోకుండా అందులోకి ఒక పెళ్లి కాపీ చేస్తే అది పోయి చిన్న ఎస్ఎస్‌డీలో పడుతుంది, అది నిండితే కంప్యూటరే మొరాయిస్తుంది. దీనికి నేను చేసే పని చెబుతాను. డిస్కు సరిగ్గా తగిలిన రోజునే అందులో "ఇది 4 టీబీ డిస్కు" అని ఒక ఖాళీ ఫోల్డర్ చేసి పెట్టండి. కాపీ చేసే ముందు అది కనబడిందా లేదా చూసుకోండి. కనబడకపోతే ఆగిపోండి. మీ ఇంట్లో మొన్న ఈ ఒక్క ఫోల్డర్ ఉండి ఉంటే ఇంత గొడవ లేదు.

విండోస్‌లోనూ తెరుచుకునేలా కొత్త డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే విండోస్ పద్ధతిలో పెట్టుకుంటే పోదా అని మీ ఆయన అనవచ్చు. పెట్టుకోవచ్చు, తీసి ఏ కంప్యూటర్‌కు తగిలించినా చదువుతుంది. కానీ అది క్యాబినెట్‌లోంచి కదలదు, ఆల్బమ్ కంప్యూటర్ నెట్‌వర్క్ మీద తెరుచుకుంటే చాలు. నేనైతే ఎక్స్‌టీ4నే ఉంచుతాను.

తర్వాత కాపీ. ఇక్కడే మీ ఆయన మాటకు అడ్డం వస్తున్నాను. ఆయన ఖాళీ అవుతుందని అన్నారు. కొత్త డిస్కుకు కాపీ అయ్యాక పాతదాంట్లోవి తీసేస్తే మీ దగ్గర మళ్లీ ఒక్క కాపీయే మిగులుతుంది, కాకపోతే పెద్ద డిస్కులో. ఇన్నాళ్లూ ఉన్నదీ అదే పరిస్థితి. 4 టీబీలో పాతదంతా పోసినా ఇంకా రెండున్నర టీబీ ఉంటుంది, పాతదాన్ని ఖాళీ చేయాల్సిన అవసరమే లేదు. రాత్రి షట్టర్ దించేముందు కాపీ మొదలుపెట్టండి, కట్ కాదు. కంప్యూటర్‌కు యూపీఎస్ ఉండాలి, ఈ కాలంలో గాలివాన వస్తే కరెంటు సంగతి మీకు తెలుసు. 900 జీబీ పైగా కాబట్టి అయిదారు గంటలు పట్టొచ్చు. ఆర్‌సింక్ అనే ఆదేశంతో చేస్తే మధ్యలో ఆగినా మళ్లీ మొదటినుంచి అక్కర్లేదు, ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. పొద్దున రెండు పక్కలా ఫైళ్ల సంఖ్య సరిచూడండి, ఏ పది ఫొటోలో తెరిచి చూడండి.

ఆ తర్వాత పాత డిస్కును ఊడదీసి, డాకుతో పాటు ఇంటికి తీసుకెళ్లండి. తీసే ముందు చీటీలో దాని వరుసకు కూడా నోఫెయిల్ చేర్చండి, లేకపోతే మర్నాడు ఆ నల్ల తెర తప్పదు. ఫొటోగ్రాఫర్ల మధ్య ప్రచారంలో ఉన్న లెక్క ఒకటుంది: మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే చోట. వేరే చోట అన్నదాన్ని మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు ఎంత ఎత్తున పారాయో మీరు చూసే ఉంటారు. స్టూడియోలో క్యాబినెట్ ఎక్కడుంటుంది? నేల మీదే కదా. నెలకోసారి డిస్కును స్టూడియోకు తెచ్చి, కొత్తవి ఎక్కించుకుని, మళ్లీ ఇంటికి పట్టుకుపోవాలి. బద్ధకిస్తే రెండు నెలలకోసారి.

నెగెటివ్‌లు మూడో కాపీ, రెండో రకం వస్తువు. మూత బిగించిన బిస్కెట్ డబ్బాలు వాటికి మంచివి కావు. ఒక డబ్బా తెరిచి వాసన చూడండి. పుల్లటి వెనిగర్ వాసన వస్తే ఫిల్మ్ చెడటం మొదలైందని అర్థం. వేడికీ తేమకీ అది వేగంగా ముదురుతుంది, మూసిన డబ్బాలో ఆ ఆవిరి బయటికిపోక ఇంకా ముదురుతుంది. వాసన వచ్చే డబ్బాలను విడిగా పెట్టి ముందు వాటినే స్కాన్ చేయండి. తక్కినవి కాగితం కవర్లలోకి మార్చి, రేకుల కప్పు కింద కాకుండా ఇంట్లో చల్లగా ఉండే గదిలో పెట్టండి.

మామగారి సంగతి. చెప్పకుండా ఉండిపోవచ్చు, ఫొటోలు దొరికితే ఆయనకు తెలియనే తెలియదు. కానీ కరెంటు ప్రాబ్లం అని ఇంకెన్ని రోజులు? పక్క షాపులో ఫ్యాను తిరుగుతుంటే ఆయనకు వినబడదా? ఇప్పుడే చెప్పొచ్చు, అయితే దొరికాయో లేదో మీకే తెలియకుండా చెబితే ఇద్దరికీ నిద్ర ఉండదు. నా మటుకు నాకు, ట్రాష్ తెరిచి చూసిన సాయంత్రమే, దొరికినా దొరకకపోయినా, చెప్పేయడం మేలనిపిస్తుంది. నలభై ఏళ్లు డార్క్‌రూమ్‌లో పనిచేసిన మనిషి. లైటు పడి రీలు పాడవడం, పెళ్లివారికి మొహం చూపించలేకపోవడం ఆయనకు కొత్త కాదు. మీరనుకున్నంత గాభరా పడకపోవచ్చు.

ఇంకో పని కూడా ఆయనతోనే ఉంది. ఫైలు పేరులో నాలుగు మాటలకు మించి పట్టవు. సాయంత్రం ఆయన మాట్లాడేటప్పుడు ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టండి, మొదట్లో ఫోల్డర్ పేరు చదవండి, చాలు. చూపు ఇంకా తగ్గకముందే 1984 నుంచి మొదలుపెట్టండి. ఆ రికార్డింగులు కూడా "కొత్త"లోకే పోవాలి, ఇంట్లో ఉన్న డిస్కులోకీ పోవాలి.

మీ ఆయన ఫార్మాట్ కొట్టిద్దాం అంటున్నది మీ మీద చిరాకుతో అని మీరు రాశారు. నాకలా అనిపించలేదు. తీసేయమన్నది తనే అన్న బాధ ఆయనకుంది, అది ఎక్కడో ఒకచోట తొందరగా ముగిసిపోవాలని చూస్తున్నారు. యూపీఎస్ తెచ్చే పని, డిస్కుల మీద మార్కర్‌తో "పాత 1 టీబీ", "కొత్త 4 టీబీ" అని పెద్దగా రాసే పని ఆయనకు అప్పజెప్పండి.

మార్జిన్‌లో అడిగింది మర్చిపోలేదు. పడుకోబెట్టినా, నిలబెట్టినా డిస్కుకు ఒకటే. నాలుగు స్క్రూలూ పట్టి ఉండాలి, కేబుల్‌కు వేలాడకూడదు, తిరుగుతున్నప్పుడు క్యాబినెట్‌ను జరపకూడదు. రెండు డిస్కులూ లోపల ఉన్నన్నాళ్లూ మధ్యలో ఒక అర ఖాళీ వదలమని షాపు అబ్బాయితో చెప్పండి, గాలి ఆడాలి. మే నెల దగ్గర పడుతోంది.